అరువు కళ్ళు

పది పటాలు వెనక్కి వచ్చాయి. పదకొండోది రాలేదు. పోయినవారం చీకటయ్యను మనం వదిలిపెట్టింది అక్కడే, ఫోటో స్టూడియో మేడమీది గదిలో, బల్ల నిండా పరుచుకున్న పదిమంది చనిపోయినవాళ్ళ ముఖాల ముందు.

చీకటయ్య పని ఏమిటో మరిచిపోయినవాళ్ళకు ఒక్క మాట. పోయినవాళ్ళ ఫోటోల్లో కళ్ళు తెరిపించడం అతని పని. మూసిన రెప్పలను మాత్రమే కెమెరా పట్టుకొస్తుంది. ఆ రెప్పలను అతను బ్లేడు మొనతో గీకి, వెంట్రుకంత కుంచెతో కనుగుడ్డు దిద్ది, ఇంటివాళ్ళు గోడకు తగిలించుకుని చూసుకునేలా చేస్తాడు. ఊళ్ళో గోడలమీదినుంచి చూసే కళ్ళన్నీ ఇరవైతొమ్మిదేళ్ళుగా అతని చేతివే. మిల్లులో దూది గదికి పొగ కమ్మి, ఊపిరాడక పోయిన పదకొండుమందికీ అతనే కళ్ళు తెరిపించాడు. ఒక్కో పటం ఒక్కో ఇంటికి వెళ్ళింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు మిల్లువాళ్ళు ఆ పదకొండింటినీ సంఘం హాల్లో ఒకే గోడకు వరసగా తగిలిస్తామన్నారు. తగిలించేది ఈ సాయంత్రమే. ఆ కబురు విన్ననాటినుంచి చీకటయ్యకు ముద్ద దిగడం లేదు. ఆ పదకొండు జతల కళ్ళూ నిజానికి ఒక్క జతే.

పాత ఓనరు బతికున్న రోజుల్లో పాఠం సరిగ్గానే చెప్పాడు. "కళ్ళు మనం పుట్టించకూడదురా. ఆ ఇంటికి వెళ్ళు. కొడుకునో కూతురినో వెలుతురులో కూర్చోబెట్టు. వాళ్ళ కళ్ళలోంచి తెచ్చుకో." చీకటయ్య ఒక్క ఇంటికీ వెళ్ళలేదు. మనుషుల ముందు కూర్చుంటే మాట్లాడాలి. మాట్లాడితే నీకెవరున్నారు అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నను తప్పించుకోవడానికి తన దగ్గరున్న జతనే అందరికీ అరువిస్తూ వచ్చాడు. అవి ఆరేళ్ళ పిల్ల కళ్ళు. అతని కూతురివి. విషజ్వరాలు వచ్చిన ఏడాది తల్లితోపాటు పోయిందని అతను నమ్మిన కూతురివి.

పైపూత చెదిరింది, మళ్ళీ వెయ్యాలి అని అబద్ధం చెప్పించి పటాలన్నీ వెనక్కి తెప్పించాడు. పొద్దుటినుంచి మూడింటిని మార్చాడు. మార్చాననుకున్నాడు. మిల్లులో కాటా దగ్గర పనిచేసిన మనిషి కళ్ళు గీకేసి, కాస్త సన్నగా, కాస్త ఎడంగా దిద్దాడు. లేచి కిటికీదాకా వెళ్ళి తిరిగి చూస్తే మళ్ళీ అవే. కుక్కతోకలా చెయ్యి తన వంకరకు తాను వచ్చేసింది. రెండో పటంలో ముసలాయనా అంతే. మూడోదాంట్లో పెళ్ళయి ఏడాది కాని మనిషీ అంతే. అందరూ బల్లమీద వెల్లకిలా పడుకుని ఒకే పిల్ల చూపుతో అతన్నే చూస్తున్నారు.

మధ్యాహ్నం మూడవుతుండగా మెట్లమీద ఓనరమ్మ ఆయాసం వినిపించింది. పాత ఓనరు పోయాక స్టూడియో నడిపేది ఆవిడే. మనిషికంటే ముందు మాట గదిలోకి వస్తుంది.

"అన్నయ్యా, నీ పదకొండో పటం తానే నడిచొచ్చింది. ఇమ్మంటే ఇవ్వదు. గీసినాయన్ని చూస్తేగాని చేతిలోంచి దించదట."

"ఎవరు?"

"పోయినామె కూతురు. దర్జీ కొట్టుకి కాజాలు కుట్టే పిల్ల. నాతో వాదించి గెలిచింది ఇదొక్కతే. మా ఆయన పాపం పోయేదాకా ప్రయత్నించాడు, గెలవలేకపోయాడు."

"లేనని చెప్పు."

"ఎక్కడికి వెళ్ళావని చెప్పను? నువ్వు ఈ మెట్లు దిగి ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు. అబద్ధానికైనా కాస్త అతుకు ఉండాలి."

"నేను ఇక్కడే ఉన్నానండీ," అంది ఒక గొంతు ఆవిడ భుజం వెనకనుంచి.

పదిహేడేళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. కుడిచేతి చూపుడువేలు కొస సూది పోట్లకు గరుకెక్కింది. పాత తువ్వాలులో చుట్టిన పటాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుంది. ఫోటోలు కడిగే మందుల వాసనకు కొత్తవాళ్ళెవరైనా ముక్కు మూసుకుంటారు. ఆ పిల్ల మూసుకోలేదు. ఆమె చూపు ముందు బల్లమీదికి పోయింది, పదిమందినీ వరసగా చూసి ఆగింది.

"అమ్మా, మీరు కిందికి వెళ్ళండి. మిల్లు గుమాస్తా పటాలకోసం వచ్చి కూర్చున్నాడు," అంది ఓనరమ్మతో.

"నా స్టూడియోలో నాకే ఉత్తర్వులు," అని గొణిగింది ఓనరమ్మ. అయినా దిగిపోయింది.

చీకటయ్య లేవలేదు. బ్లేడు చేతిలోనే ఉంది.

"అలా పెట్టు. పైపూత వేసి ఇచ్చేస్తాను."

"పైపూత బాగానే ఉంది తాతగారూ. నేను రోజూ తుడుస్తున్నాగా. మా వీధిలో ఎవరి పటానికీ చెదరలేదు."

అతను బ్లేడు మొన పంచెకు తుడుచుకున్నాడు.

"కాటా మామయ్యగారిది మా ఎదురిల్లే. అత్తయ్యగారు ఆ పటం ఎదురుగా కూర్చోవడం మానేశారు. 'నలభయ్యేళ్ళలో ఈయన నన్నెప్పుడూ ఇలా చూడలేదే, ఏదో అడుగుతున్నట్టు చూస్తున్నాడు' అంటారు. మూలింటివాళ్ళు గుడ్డ కప్పేశారు. పిల్లలు అటువైపు వెళ్ళాలంటే భయపడుతున్నారట. నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను. ఆ తెల్లచుక్క అందరికీ కిందే ఉంది."

"ఏ చుక్క?"

"కంట్లో చుక్క. వెలుతురు పైనుంచి పడుతుంది కదా, ఎవరి కంట్లోనైనా మెరుపు పైభాగంలో ఉంటుంది. మీరు గీసినవాళ్ళకి కింద ఉంది, ఎడమవైపు." ఆమె గొంతులో ఆరోపణ లేదు. గుడ్డలో లోపం చూపించే పని తెలిసిన మనిషి గొంతు అది. "కుట్టు ఎటు వాలిందో చూసి ఇది ఫలానా వాళ్ళ కాజా అని చెప్పేస్తాం మేము. అలాగే తెలిసింది, అన్నీ ఒకే కళ్ళని."

ఇన్నేళ్ళూ ఇదే మాటకోసం భయపడుతూ బతికాడు చీకటయ్య. తీరా వినేసరికి ఆశ్చర్యంగా కాస్త తేలికపడ్డాడు. పట్టుబడ్డ దొంగకు మొదటి క్షణంలో వచ్చే తేలిక.

"తప్పే," అన్నాడు. "మారుస్తున్నాను. అదీ ఇవ్వు, మార్చేస్తాను."

"మార్చొద్దని చెప్పడానికే వచ్చాను."

ఆమె తువ్వాలు విప్పింది. ఒక్కొక్క మడతా తీసి భుజాన వేసుకుంది. పటాన్ని అతనికి ఇవ్వలేదు. తన ఎదుట నిలబెట్టి పట్టుకుంది.

"మిగతావాళ్ళకి పెట్టింది తప్పే. మా అమ్మకి మాత్రం తప్పు కాలేదు తాతగారూ. ఇవి అమ్మ కళ్ళే. అచ్చంగా. కోపం వస్తే మాట్లాడకుండా ఇలాగే చూసేది. మా అమ్మ జన్మలో ఫోటో దిగలేదు. మిల్లు కార్డుకి కూడా వేలిముద్రే వేసింది. నన్ను చూసి గీశారా అంటే నావి నాన్న కళ్ళు, చిన్నవి, లోపలికుంటాయి. మీరు మా ఇంటికే రాలేదు." ఊపిరి తీసుకుంది. "మరి మా అమ్మ కళ్ళు మీకెలా తెలుసు?"

చీకటయ్య పటంవైపు చూశాడు. ముప్ఫయ్యైదేళ్ళ ఆడమనిషి. బుగ్గలు దిగిపోయాయి. చెంపమీద పొగమరక కనపడకుండా తనే పెన్సిలుతో కప్పాడు. వరసలో ఏడోది. అది బాగా గుర్తుంది. మిగతా పదింటికీ కుంచె మొరాయించింది, దీనికి మాత్రం నీళ్ళలో పడవలా సాగింది. గంటలో అయిపోయింది. పని ఇంత బాగా కుదిరి చాలా కాలమైందని సంతోషించాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా.

చేతిలో బ్లేడు ఎప్పుడు జారిందో తెలియదు. బల్ల కిందెక్కడో పడింది.

"మీ అమ్మది ఏ ఊరు?"

"ఇదే ఊరట. ఆరేళ్ళు వచ్చేదాకా ఇక్కడే ఉందట. జ్వరాల ఏడు ఇక్కణ్ణించి వెళ్ళిపోయారు. మిల్లు పెట్టాక, పదేళ్ళ కిందట మళ్ళీ వచ్చాం." ఆమె ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వినట్టు పెదవి కదిపింది. "మిల్లుకి ఈ వీధిలోంచి అడ్డదారి. అయినా అమ్మ ఎప్పుడూ ఇటు నడవలేదు, నన్నూ నడవనివ్వలేదు. వానలో కూడా చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. ఎందుకమ్మా అంటే, ఆ వీధిలో తలుపు తియ్యని ఇల్లొకటుంది అనేది. నేనేమో దెయ్యాల కొంప అనుకునేదాన్ని."

పదేళ్ళు. అతను ఈ కిటికీ దగ్గర కూర్చుని ఊరివాళ్ళ శవాలకు ఆమె కళ్ళు అతికిస్తున్న ప్రతి పూటా ఆమె రెండు వీధుల అవతల నడిచి వెళ్ళింది, నడిచి వచ్చింది.

"చెప్పండి తాతగారూ. ఎక్కడ చూశారు?"

"కిటికీలోంచి," అన్నాడు చీకటయ్య.

పిల్ల పటాన్ని గట్టిగా పట్టుకుంది. చెప్పడం ఆపకూడదని అతనికి అర్థమైంది. చెప్పాడు. ఎన్నాళ్ళుగానో కొట్టని బోరింగు ముందు ఉత్తగాలి వదిలి, తర్వాత తుప్పునీళ్ళు వదిలినట్టు, ఆగి ఆగి చెప్పాడు.

ఆ ఏడు భార్య పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. అక్కడ జ్వరాలు ఇంకా ఎక్కువని చూసి వెనక్కి వచ్చింది. ఈ మెట్లే ఎక్కింది. అప్పటికి కింది వరసలో నాలుగిళ్ళలో మనుషులు పోయారు. ఆ ఊరినుంచి వచ్చినవాళ్ళను రానిస్తే ఇల్లంతా ఊడ్చుకుపోతుందని అందరూ అంటున్నారు. చీకటయ్యకు ముప్ఫైనాలుగేళ్ళు. చావంటే మహా భయం. గడియ తియ్యలేదు. తలుపు పక్కనున్న కిటికీ రెక్క రెండువేళ్ళ సందు తెరిచి, ఓ పదిరోజులు ఆగి రమ్మన్నాడు. ఆమె బతిమాలలేదు. తిట్టలేదు. పిల్లను ఎత్తి ఆ సందుకెదురుగా పట్టుకుంది. రెండువేళ్ళ సందులో మనిషి ముఖం పట్టదు. కళ్ళు పడతాయి. మెట్లకింద తొట్టిలో నీళ్ళమీద ఎండ పడి, ఆ మెరుపు కిందినుంచి వచ్చి పిల్ల కళ్ళలో చుక్కలా నిలబడింది. అతను రెక్క మూశాడు.

తర్వాత భార్య పుట్టింటి ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మిగల్లేదని ఎవరో వచ్చి చెప్పారు. వెళ్ళి చూడ్డానికి దారి ఉంది, దారిలో పోయే బళ్ళున్నాయి. చీకటయ్య వెళ్ళలేదు. వెళితే, పోయారన్నది నిజమని తేలుతుంది, లేదా బతికున్నవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తారు. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డాడో ఇప్పటికీ అతనికి తెలియదు.

చెప్పడం అయిపోయింది.

కాజాల పిల్ల ఏడవలేదు. పటాన్ని నెమ్మదిగా తువ్వాలులో చుట్టుకుంది.

"దూది ఎగిరి మిషన్లలో పడుతుందని ఆ గదికి బయటినుంచి గడియ పెడతారట," అంది. "పొగ వచ్చినప్పుడు లోపలివాళ్ళు తలుపు బాదారట. గడియ ఎవరు తియ్యాలో తేల్చుకునేసరికి ఆలస్యమైందట. అంటే మా అమ్మకి అది రెండో తలుపు."

ఆ మాట అతని గుండెల్లో ఎక్కడ దిగిందో అతనికే తెలుసు. చెయ్యి చాచాడు. పటం కోసమో, పిల్ల కోసమో, పడిపోకుండా పట్టుకోవడానికో తెలియదు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అంతవరకూ మాటకో తాతగారూ పెట్టిన పిల్ల, అలా పిలిచే హక్కు నిజంగా ఉందని తెలిశాక ఇంక ఆ పిలుపు పిలవలేదు.

"ఈ ప్రశ్న నాది కాదు," అంది. "అమ్మమ్మ అడిగి రమ్మంది."

చీకటయ్యకు వెంటనే అర్థం కాలేదు. "ఏ అమ్మమ్మ?"

"నాకు ఒక్కతే. పటం ఇంటికొచ్చిన రోజునే చూసింది. ఏమీ అనలేదు. దాన్ని గోడవైపు తిప్పి పెట్టి, దాని కిందే పడుకునేది. నిన్న వెనక్కి ఇమ్మని మీ కబురొచ్చింది. అప్పుడు నోరు విప్పింది. 'గీసిన మనిషిని అడుగు, ఈ కళ్ళు ఎక్కడ చూశావని. ఇంకేం చెప్పినా పటం తీసుకుని వచ్చెయ్. కిటికీలోంచి అన్నాడా, ఆ మనిషే' అంది."

"బతికే ఉందా?"

"కింద రిక్షాలో కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు." ఆమె గడపదాకా వెళ్ళి ఆగింది. "మోకాళ్ళు బాగున్నా ఈ మెట్లు ఎక్కదనుకోండి."

చీకటయ్య బల్లమీద చెయ్యి ఆన్చి లేచాడు. పోయినవారందాకా మనం ఎరిగిన చీకటయ్య అయితే తలుపు వేసుకునేవాడు. లోపల చీకటిగది ఉంది, దానికి నల్లతెర ఉంది, తెర వెనక కూర్చుంటే ఎవరు పిలిచినా పలకకుండా ఉండొచ్చు. అతని కాళ్ళు అలవాటు చొప్పున రెండడుగులు అటే వేశాయి కూడా. బల్లమీద పదిమందీ చూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఆ చూపు తన కూతురిదని ఓదార్పు పొందాడు. ఇప్పుడు కాటా మనిషి భార్య అన్న మాట నిజమని తెలిసింది. ఆ కళ్ళు ఏదో అడుగుతున్నాయి. చచ్చినవాళ్ళందరి చేతా తన కూతురు ఒకే సంగతి అడిగిస్తూ వచ్చింది, తనకు మాత్రం వినబడలేదు.

తిరిగి మెట్లవైపు నడిచాడు.

ఒక్కో మెట్టుకూ గోడ పట్టుకున్నాడు. సగం దిగేసరికి కింద ఓనరమ్మ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"అన్నయ్యా, నువ్వేనా? ఇల్లుగాని అంటుకుందా ఏమిటి?" అంది. అతని ముఖం చూసి ఇక హాస్యమాడలేదు. "చెప్పులేవీ నీకు?"

చెప్పులు ఎప్పుడు పోయాయో, అసలు ఉన్నాయో లేదో అతనికి గుర్తులేదు. గుమ్మంలోకి వచ్చాడు. మూడున్నర ఎండ మొహంమీద కొట్టింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

రిక్షా ఉంది. ఖాళీగా ఉంది. సీటుమీద ముసలివాళ్ళు చల్లగాలికి కప్పుకునే శాలువా ఒకటి పడి ఉంది.

"ఇందాకటిదాకా ఇక్కడే ఉందిగా," అంది కాజాల పిల్ల. ఆమె గొంతు మొదటిసారి తడబడింది.

"ఆ పెద్దావిడేనా?" అంది ఓనరమ్మ. "ఇందాక మిల్లు గుమాస్తా నామీద కస్సుమన్నాడు, పటాలు ఇంకా ఇవ్వలేదు, జనం హాలు దగ్గర పోగయ్యారు, కళ్ళ సంగతేదో గుసగుసలాడుకుంటున్నారు, కాటా మనిషి బామ్మర్దులు కర్రలు కూడా తెచ్చారు, ఇదేదో స్టూడియోవాళ్ళ చేతబడి అంటున్నారు అని. ఆవిడ రిక్షాలోంచి అంతా వింది. దిగింది. 'పటాలతో పనేముంది, ఆ కళ్ళు ఎవరివో నేను చెబుతాను పద' అని గుమాస్తా భుజం పట్టుకుని నడిచిపోయింది. అన్నయ్యా, ఆవిడెవరు?"

చీకటయ్య గుమ్మం దిగాడు. వీధి చివర సంఘం హాలు కనిపిస్తోంది. మెట్లనిండా జనం. చెవులు అటే పోతున్నాయి, ఒక్క మాటా అందడం లేదు.

"మీరు పైకి వెళ్ళండి," అంది పిల్ల గబగబా. "నేను వెళ్ళి అమ్మమ్మను తీసుకొస్తాను. వాళ్ళు మిమ్మల్ని బతకనివ్వరు. వినండి నా మాట."

"నువ్వు నా వెనక ఉండు," అన్నాడతను. ఎవరితోనైనా అలా అని ఎన్నేళ్ళయిందో. వేడెక్కిన రాళ్ళమీద ఉత్తకాళ్ళతో నడిచాడు.

హాలు ఇరవై గజాలుందనగా ముందు ఒకడు తల తిప్పాడు. తర్వాత వాడి పక్కవాడు. గాలి తిరిగితే చేను వాలినట్టు జనమంతా ఇటు తిరిగి మాటలు ఆపేశారు. మెట్లమీద అందరికంటే ఎత్తున, నెరిసిన జుట్టుతో, ఒక చెయ్యి గుమాస్తా భుజంమీద వేసి నిలబడ్డ మనిషి ఒక్కతే తిరగలేదు. జనం మౌనంలోనే ఆమెకు తెలిసిపోయింది.

"ఇంక నేను చెప్పడం ఎందుకు, మనిషే వచ్చాడుగా," అంది వాళ్ళతో. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని చీకటయ్యకు అనిపించింది. "కళ్ళ సంగతి తర్వాత. కిటికీ మూసేముందు పిల్ల ఒక మాట అంది. అది నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. మనవరాలికి కూడా చెప్పి ఉండడు. ఏమందో చెప్పమనండి. చెబితే ఈ మెట్లు దిగి ఆయనతో మాట్లాడతాను. చెప్పకపోతే మీరూ మీరూ చూసుకోండి."

ఆమె ఇప్పుడు తిరిగింది.

ఇరవైతొమ్మిదేళ్ళలో చీకటయ్య ఆ మాటను తనలో తాను కూడా అనుకోలేదు. కాటా మనిషి బామ్మర్ది ఒకడు కర్ర నేలకు ఆనించి ఎదురుచూస్తున్నాడు.

చీకటయ్య నోరు తెరిచాడు.